అక్క వేసిన టంకం

అక్కకి,

బాగున్నావా, బావ బాగున్నాడా అని అడిగి, ఆ తర్వాత నెమ్మదిగా అసలు సంగతికి రావాలి. నాకంత ఓపిక లేదని నీకు తెలుసు. ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి "ఉంటాన్రా" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం. నిన్న మధ్యాహ్నం నీ గిటార్ విప్పాను. నీ గిటార్ అనే అంటున్నాను చూడు, పదహారేళ్ళుగా నా దగ్గరే ఉన్నా.

ఏడాదిగా అది మూగబోతోంది. సన్న తీగలు దుప్పటి కప్పుకుని పలుకుతున్నట్టుంది. ఇదివరకు టోన్ నాబ్ సగం తిప్పితే సరిపోయేది, ఇప్పుడు చివరిదాకా తిప్పినా అంతే. తీగలు మార్చాను, కేబుల్ మార్చాను. ఇక మిగిలినవి పికప్పులు. తీగల కింద కూర్చుని వాటి కదలికని పట్టి యాంప్లిఫయర్‌కి పంపే ఆ రెండు ముక్కలకీ వయసైపోయిందనుకున్నాను. వచ్చే నెల మన పాత బృందాన్ని డ్రమ్మర్ మళ్ళీ ఒక్క సాయంత్రం కోసం కూడగడుతున్నాడు. నువ్వు రానన్నావట. నీ భాగం నేనే వాయించాలి. అందుకని కొత్త పికప్పులు తెప్పించి, వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి, తీగలు తీసేసి, వాటి కింద ఉండే ప్లాస్టిక్ పలక స్క్రూలు విప్పాను.

లోపల చూసేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ఫ్యాక్టరీలో వేసిన టంకం పలచగా, నున్నగా ఉంటుంది. ఈ పికప్పుల వైర్ల దగ్గర మాత్రం బఠాణీ గింజంత ముద్దలున్నాయి. అవి ఎవరి చేతివో నాకు తెలియదా? చిన్నప్పుడు ఇంట్లో తెగిన ప్రతి వైరునీ నువ్వే అతికించేదానివి, ఊడకుండా ఉండాలంటే ఇంత వెయ్యాలిరా అంటూ. అంటే ఇవి గిటార్‌తో వచ్చినవి కావు. నువ్వు మార్చావు. మార్చి, మాటమాత్రమైనా చెప్పకుండా నాకిచ్చావు.

ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి మొత్తం చెప్పేస్తాను. ఆ రోజు ప్రోగ్రాం సగంలో స్టేజీ దిగిపోయి, గిటార్ నా ఒళ్ళో పెట్టి, "ఇక నువ్వే వాయించుకో" అన్నావు. ఎందుకో చెప్పలేదు. దానికి ముందు పాటలోనే, నీ పక్కన రెండో గిటార్ వాయిస్తున్న నేను తాళం తప్పాను. నాతో కలిసి వాయించడం నీకు నామోషీ అయిందనుకుని, ఇన్నేళ్ళూ మింగలేక కక్కలేక ఉన్నాను. ఇప్పుడిది. మంచి పికప్పులు నీ దగ్గర ఉంచుకుని, వీడికివి చాల్లే అనుకున్నావా? తిట్టినా సరే, నిజం చెప్పు.

కుదురు లేని నీ తమ్ముడు


అక్కా,

నీ జవాబు రాకుండానే మళ్ళీ రాస్తున్నాను. ఆగడం నా వల్ల అయ్యే పని కాదు కదా.

కొత్త పికప్పులు పెట్టాను. వేలు కాల్చుకున్నాను. తీగలు బిగించి వాయిస్తే అదే దుప్పటి. వారంలో మూడుసార్లు విప్పి బిగించాను. వైర్లు ఒక్కొక్కటే మీటరు పెట్టి చూశాను, అన్నీ సవ్యంగానే ఉన్నాయి. నీ మరదలు వంటింట్లోంచి వచ్చి, అది గిటారా పళ్ళ డాక్టరు మిషనా అని అడిగింది. నీకు చెవులు లేవు అన్నాను దాన్ని. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. రిహార్సల్లో డ్రమ్మర్ కూడా, పళ్ళు పులుస్తున్నాయిరా, కాస్త తగ్గించు అన్నాడు. అందరూ కూడబలుక్కుని నన్ను ఆడిస్తున్నారనుకున్నాను.

ఆదివారం పొద్దున నీ మేనకోడలికి జ్వరం వచ్చింది. చంకలో థర్మామీటరు పెట్టి పక్కన కూర్చున్నాను. కాసేపటికి, మోగింది కదా, తియ్యవేం అంది. మనది మోగే రకం కాదమ్మా అన్నాను. అది కొన్న దగ్గర్నుంచీ నేను గోడ గడియారం చూసే తీస్తున్నాను. పిల్ల నావైపు అదోలా చూసింది. ఇంకోసారి పెట్టుకుంది. ఉన్నట్టుండి తీసి నా చెవి దగ్గర పట్టుకుంది.

"ఇప్పుడు మోగుతోంది నాన్నా."

నాకేం వినపడలేదు. రెండో చెవి దగ్గర పెట్టింది. అక్కడా అంతే. జ్వరంతో కాలిపోతున్న దాని చెయ్యి నా చెంపకి తగులుతోంది, అదొక్కటే తెలిసింది.

ఇరవై ఏళ్ళుగా కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తున్నాను. వారానికొకరైనా వచ్చి, మీరిచ్చిన అద్దాలు పాడైపోయాయని గొడవ పెట్టుకుంటారు. వాటిని తుడిచి చేతికిచ్చి, అద్దాలు బాగానే ఉన్నాయండీ, మీ కళ్ళే మారాయి అని చెబుతాను. ఎంత నెమ్మదిగా చెబుతానో, ఆ నెమ్మదికి నాకు పేరు కూడా ఉంది. నా దాకా వచ్చేసరికి గిటార్ పొట్ట మూడుసార్లు కోశాను.

మంగళవారం చెవుల డాక్టరమ్మ నన్ను ఒక పెట్టెలాంటి గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, ఒక గీత గీసి చూపించింది. సగం దాకా తిన్నగా వచ్చి, సన్నటి శబ్దాల దగ్గర్నుంచి జారిపోయింది. పోయింది తిరిగి రాదట. చెవికి మిషను పెట్టుకుంటే కొంత నయమట. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. తెలియదన్నాను.

నీ మీద వేసిన నింద వెనక్కి తీసుకుంటున్నాను. పికప్పుల తప్పేం లేదు. ప్రోగ్రాం నుంచి తప్పుకుంటానని రేపు డ్రమ్మర్‌కి చెప్పేస్తాను. కారణం చెప్పను. భయంగా ఉంది అక్కా. ఆ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

నీ తమ్ముడు


చిన్నోడా,

మేము ఊళ్ళో లేము, నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి చదివాను. మొదటిది చదివి ఒళ్ళు మండింది. రెండోది చదివి వెంటనే కలం తీసుకున్నాను. ఆ నింద వెనక్కి తీసుకోకు. పికప్పులు మార్చింది నేనే.

ఆ ఏడాది గిటార్ నాకూ మూగగా పలికింది. నీలాగే తీగలు మార్చాను, కేబుల్ మార్చాను, చివరికి బాగా గీపెట్టే రకం పికప్పులు తెచ్చి వేశాను. అప్పటికీ నా బుర్రకి ఎక్కలేదు. ఆ రోజు స్టేజీ మీద ఎక్కింది. తాళం తప్పింది నువ్వు కాదురా. సన్న తీగ మీద నువ్వు ఎత్తుకున్నది వినపడక నేను ముందే అందుకున్నాను. నాతో కలవబోయి నువ్వు తడబడ్డావు. జనం నిన్ను చూసి నవ్వారు. నేను చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత అక్కడ ఇంకో పాట వాయించడం నాకు చేతకాలేదు.

డాక్టరు నన్ను కూడా అదే అడిగాడు, ఇంట్లో ఎవరికైనా ఉందా అని. నాన్న రేడియో గుర్తుందా? వీధి చివరిదాకా వినపడేది, అయినా ఇంకా పెంచమనేవాడు. చెవుడొచ్చిందని చెప్పుకోవడం కంటే పొగరెక్కిందని పేరు రావడం నయమనిపించింది. పదహారేళ్ళుగా జుట్టు కింద మిషను పెట్టుకుంటున్నాను, మీ బావకి తప్ప ఎవరికీ తెలియదు. ఫోన్ ఎందుకు పెట్టేస్తానో ఇప్పుడు తెలిసిందా? నాకు నీ మాటలు సగమే అందుతాయి.

నేను ఆ రోజే చెప్పి ఉంటే నువ్వు ఎప్పుడో పరీక్ష చేయించుకునేవాడివి. నీకీ చెవుడు వచ్చినా రాకపోయినా, నీతో కలిసి వాయించడం నాకు నామోషీ అనుకుంటూ ఇన్నేళ్ళు బతికేవాడివి కాదు. నా తప్పే. క్షమించు అని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

అసలు పికప్పులు నా టైలరింగ్ షాపులో, బొత్తాల డబ్బాలో ఫ్లానెల్ గుడ్డలో చుట్టి ఉన్నాయి. పార్సిల్ చేస్తున్నాను. అవే పెట్టు. నీకు మూగగానే ఉంటాయి, ఉండనీ. వినేవాళ్ళ చెవులు బాగున్నాయి. తీగల కింద వాటి ఎత్తు నీ చెవితో మాత్రం సరిచెయ్యకు, పిల్లని కూర్చోబెట్టుకో. ప్రోగ్రాం మానకు.

అక్క


మా అక్కకి,

పార్సిల్ అందింది. రోజూ రేపు రేపనుకుంటూ చివరికి డ్రమ్మర్‌కి చెప్పడానికి వెళ్ళినవాణ్ణి గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగొచ్చాను, నీ ఉత్తరం జేబులో ఉంది కాబట్టి. మర్నాడు మళ్ళీ వెళ్ళి, మానేస్తానని కాదు, ఉన్నదంతా చెప్పాను. సరే, నా చెయ్యి చూసి వాయించు అన్నాడు. నీ సంగతి చెప్పలేదు. అది నువ్వు చెప్పాల్సింది.

పాత పికప్పులు పెట్టేశాను. టంకం నీలాగే బఠాణీ గింజంత వేశాను. పికప్పు పక్కన ఉండే స్క్రూలతో దాని ఎత్తు సరిచేయాలి కదా, స్క్రూడ్రైవర్ పిల్ల చేతికిచ్చాను. నేను తీగ మీటుతుంటే అది తిప్పింది. ఇంకొంచెం కిందికి, ఇక్కడ బాగుంది, ముట్టుకోకు అంది. మళ్ళీ తిప్పాలని నా వేళ్ళు పీకుతూనే ఉన్నాయి. నీ మరదలు పిలవకుండానే పక్క గదిలోంచి వచ్చి కూర్చుంది, లేచి వెళ్ళలేదు. నాకు మాత్రం దుప్పటి అలాగే ఉంది. మిషను వచ్చే వారం ఇస్తారు.

పిల్లకి కూడా పరీక్ష చేయించాను. ఇప్పటికి బాగానే ఉంది. మనింట్లో ఇది వస్తుందని, నాన్నకి, నీకు, నాకు వచ్చిందని దానికి చెప్పేశాను. నీ రహస్యం బయటపెట్టానని కోప్పడకు, దానికి తెలియాలి. ఏడుస్తుందని భయపడ్డాను. ఏడవలేదు. కాసేపు స్క్రూడ్రైవర్ అటూ ఇటూ తిప్పుతూ కూర్చుని, నీకొక మాట రాయమంది. అది అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"అత్త వాయిస్తే నేనెప్పుడూ వినలేదు. నాకు వినపడుతుండగానే ఒక్కసారి వచ్చి వాయించమను."

నీ తమ్ముడు