గాంధారం దగ్గర ఎర్రదీపం

శ్రుతిదీపం కంపెనీ మేనేజరు గారికి,

హార్మోనియం రిపేరు దుకాణం యజమాని నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమమని రాయడం ఆనవాయితీ. కానీ క్షేమం లేదు కనుక నేరుగా విషయానికి వస్తున్నాను.

మీ కంపెనీ వాళ్లు శ్రుతిదీపం అని ఒక ప్రోగ్రాం తయారుచేసి అడిగినవాడికీ అడగనివాడికీ ఉచితంగా పంచిపెడుతున్నారు. కంప్యూటరు ముందు వాయిస్తే, స్వరం సరిగా ఉంటే పచ్చదీపం, తేడాగా ఉంటే ఎర్రదీపం వెలుగుతుందట. మా సంగీత పాఠశాల ప్రిన్సిపాల్ గారు దాన్ని తెచ్చి, పంతొమ్మిదేళ్లుగా నేను చూస్తున్న ఇరవై రెండు హార్మోనియాలనూ వరసగా దాని ముందు కూర్చోబెట్టారు. ఇరవై రెండింటికీ గాంధారం దగ్గర ఎర్రదీపమే. ఒకటో రెండో అయితే నేనే ఆకురాయి పట్టుకుని కూర్చునేవాణ్ని. అన్నింటికీ ఒకేచోట తప్పంటే, ఆ తప్పు పెట్టెల్లో ఉందా, చూసేవాడిలో ఉందా? ఈ ప్రశ్న ప్రిన్సిపాల్ గారిని అడిగితే, మిషనుకు మీ మీద పగేముంటుంది అన్నారు. నెలాఖరులోగా సంగతి తేలకపోతే పాఠశాల పని వేరేవాళ్లకు ఇస్తారట. నా దుకాణం నడిచేదే ఆ పని మీద.

మీ ఇంజనీర్లలో కాస్త చెవి ఉన్నవాడిని పిలిచి విచారించి, సదరు దీపాన్ని పచ్చగా మార్పించవలసింది.

ఇట్లు,
హార్మోనియం రిపేరరు

తా.క. మీ చిరునామాలో ‘మేడమీద వెనక గది, మెట్లు జాగ్రత్త’ అని ఉంది. అంత పెద్ద కంపెనీకి లిఫ్టు లేదా?

*

రిపేరు మాస్టారు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. శ్రుతిదీపం గురించి నాకు వచ్చిన మొదటి ఉత్తరం ఇదే. చీవాట్లే అయినా, ఎవరో ఒకరు వాడుతున్నారని సంతోషం వేసింది.

మేనేజరు, ఇంజనీర్లు అందరూ నేనొక్కదాన్నే. పగలు మందుల షాపులో ఉద్యోగం. పుస్తకం ముందు పెట్టుకుని ప్రోగ్రాం రాయడం నేర్చుకోవడం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. ఇదే నా మొదటి ప్రోగ్రాం. ఎవరికైనా పనికొస్తుందని ఉచితంగా ఇచ్చాను. అది ఒకరి పొట్ట కొడుతుందని కలలో కూడా అనుకోలేదు.

మీ అనుభవం ముందు నేనెంత. మీరు గాంధారం సరిగా ఉందంటే ఉన్నట్టే. అందుకని పట్టింపు కాస్త సడలించి కొత్త వెర్షన్ తయారుచేశాను. ఇకనుంచి చిన్నచిన్న తేడాలకు ఎర్రదీపం వెలగదు. ప్రిన్సిపాల్ గారికి కూడా పంపాను. మీరిక నిశ్చింతగా ఉండండి.

ఇట్లు,
శ్రుతిదీపం, మేడమీద వెనక గది

తా.క. ఎంత సడలించావని కంప్యూటర్లు బాగా తెలిసిన మా అన్నయ్య అడిగాడు. అంకె చెప్పాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మెచ్చుకున్నాడనే అనుకుంటున్నాను.

*

మందుల షాపు అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు ఒక్కదానివే అని తెలియక ఏదేదో రాశాను. అదంతా మనసులో పెట్టుకోకు. ఇప్పుడు రాసేది మాత్రం పెట్టుకో.

నీ కొత్త వెర్షన్ ముందు ఇరవై రెండు పెట్టెలూ పచ్చగా వెలిగాయి. నేను మీసం దువ్వుకునేలోపే ప్రిన్సిపాల్ గారు సామాను గదిలోంచి గాలి తిత్తి చిరిగిన పెట్టె ఒకటి తెప్పించారు. అదీ పచ్చే. ఆయన ఆలోచిస్తూ వెనక్కి వాలితే కుర్చీ కిర్రుమంది. దానికీ పచ్చే. ఇంతలో అటెండరు తుమ్మాడు. అది షడ్జమం అని చూపించి మరీ వెలిగింది నీ దీపం. ఆ తర్వాత గదిలో ఎవరూ నా మొహం చూడలేదు. ప్రిన్సిపాల్ గారు నన్ను వరండాలోకి పిలిచి, ఈ ప్రోగ్రాం రాసినవాళ్లు మీకు ఏమవుతారు అని అడిగారు. ఏమీ కారన్నాను. అంటే చుట్టరికం కూడా లేకుండా నేను నీకేదో ముట్టజెప్పి దీపం మార్పించానని ఆయన ఖాయం చేసుకున్నారు.

నేను దయ చూపించమని అడగలేదమ్మా. సరిచూడమన్నాను. తప్పుడు పచ్చదీపంతో దక్కే పని నాకొద్దు. ఈ సడలింపేదో వెంటనే తీసెయ్యి.

ఇట్లు,
రిపేరరు

తా.క. అటెండరు సంగీతం క్లాసులో చేరాడు.

*

మాస్టారు గారికి నమస్కారాలు.

సడలింపు తీసేశాను. మీకు నా వల్ల మాట వచ్చినందుకు చాలా బాధపడ్డాను. అనుమానం పోవాలని ప్రిన్సిపాల్ గారికి నేనే ఉత్తరం రాశాను. మీరు నాకేమీ కారనీ, ఏమీ ఇవ్వలేదనీ, దీపం మార్చమని మీరు అడగ్గానే నేను మార్చాననీ ఉన్నదున్నట్టు చెప్పాను. రుజువు కోసం మీ మొదటి ఉత్తరం కూడా జతచేశాను. ‘పచ్చగా మార్పించవలసింది’ అన్నచోట తేలిగ్గా కనబడాలని గీత గీశాను.

శ్రుతిదీపానికి చెవి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా వివరించాను. ఏ స్వరం ఎంత ఉండాలో చెప్పే లెక్కలు పుస్తకంలో ఉన్నాయి కానీ నాకు కొరుకుడు పడలేదు. అందుకని మా ఇంట్లో హార్మోనియం మీద ఒక్కో మెట్టు నొక్కి రికార్డు చేసి, సరైన స్వరాలంటే ఇవీ అని ప్రోగ్రాంకు నేర్పాను. మా నాన్న ఉద్యోగరీత్యా ఊళ్లు తిరిగే రోజుల్లో ఎక్కడో ఒక గొప్ప పనివాడి చేత దాన్ని శ్రుతి చేయించారట. ముప్ఫై ఏళ్లుగా మా అమ్మ రోజూ దాంతోనే పాడుతోంది. ఒక్కరోజూ వంక పెట్టలేదు. నేను చేసే ప్రతి పనికీ వంక పెడుతుంది కాబట్టి అమ్మ సాక్ష్యం గట్టిదే.

ఇట్లు,
శ్రుతిదీపం

తా.క. ప్రిన్సిపాల్ గారి జవాబు ఇప్పుడే అందింది. మీ సంగతి ఏమీ రాయలేదు. ఆ గొప్ప పనివాడి చిరునామా పంపమన్నారు.

*

అమ్మాయీ,

నువ్వు గీత గీసిన నా ఉత్తరాన్ని ప్రిన్సిపాల్ గారు నాకే చదివి వినిపించారు. ఇంకొక్క సాయం చేశావంటే దుకాణానికి తాళం వేసుకుని వెళ్లిపోవాల్సిందే.

నీ దీపానికి స్వరాలు నేర్పిన మీ ఇంటి పెట్టెను లారీలో వేసి నాకు పంపు. గాంధారం పలికే ఇత్తడి రీడు చూస్తే చాలు, చెడగొట్టినవాడు ఎలాంటివాడో చెబుతాను. ఆ గొప్ప పనివాడు దొరికితే ప్రిన్సిపాల్ గారి ముందే నాలుగు దులుపుతాను. నెలాఖరుకు పదకొండు రోజులే ఉంది.

ఇట్లు,
రిపేరరు

తా.క. పెట్టెను నిలువుగా కట్టొద్దు. తప్పు పలికినా పెట్టె పెట్టే.

*

మాస్టారు గారికి,

పెట్టె ఈ రోజు లారీలో వేశాను. పడుకోబెట్టే కట్టించాను. అమ్మ నాతో మాట్లాడటం లేదు. పాడటం కూడా మానేసింది. ఇల్లు బావురుమంటోంది.

మీరన్నదే నిజమైతే ప్రోగ్రాం తీసేస్తాను. ఇప్పటికి మూడువందల పన్నెండు మంది తీసుకున్నారు. వాళ్ల గాంధారాలు ఏ గతి పట్టాయో తలుచుకుంటే భయమేస్తోంది. నాకు ఈ పని చేతకాదేమో.

ఇట్లు,
మందుల షాపు అమ్మాయి

తా.క. అన్నయ్య ఇప్పుడు మాట్లాడాడు. మెచ్చుకోలేదట.

*

అమ్మాయికి ఆశీస్సులు. మీ అమ్మగారికి నమస్కారాలు.

పెట్టె క్షేమంగా చేరింది. మూత విప్పాను. ఎవరైనా పెట్టె బాగుచేస్తే తిత్తి చెక్క మీద పెన్సిలుతో పేరూ తేదీ రాయడం మా వృత్తిలో అలవాటు. చదివాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. పేరు నాది. చేతిరాతా నాదే. తేదీ ముప్ఫై ఒక్కేళ్ల కిందటిది.

గురువుగారి దగ్గర నుంచి బయటికొచ్చి నేను సొంతంగా చేసిన మొదటి పెట్టె అది. గాంధారం రీడును మొదలు దగ్గర ఎక్కువ గీసేశాను. స్వరం దిగిపోయింది. మార్చడానికి ఇంకో రీడు లేదు. మీ నాన్నగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. తేడా తెలిస్తే ఆయనే మళ్లీ తెస్తారు, అప్పుడు చూద్దాంలే అని ఇచ్చేశాను. ఆయన రాలేదు. రాకపోయేసరికి బాగానే ఉందనుకుని మరిచిపోయాను. సిగ్గుగా ఉందమ్మా.

రెండుసార్లు రబ్బరుతో రుద్దితే ఆ పేరు పోయేది. రబ్బరు సొరుగులోనే ఉంది. ఒకరోజంతా సొరుగు తీస్తూ మూస్తూ కూర్చుని, మర్నాడు పెట్టెను రిక్షాలో వేసుకుని పాఠశాలకు వెళ్లాను. ప్రిన్సిపాల్ గారు దాన్ని ఆప్యాయంగా తడిమి, తనకు కావలసింది ఈ పని చేసినవాడే అన్నారు.

“ఆ పని చేసింది నేనే, ఆ గాంధారం తప్పండీ,” అన్నాను.

పాత రీడుతో ఒకసారి, అక్కడే కొత్తది బిగించి ఒకసారి వాయించి వినిపించాను. ఆయన కంప్యూటరు కట్టేసి, కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత ఇరవై రెండు పెట్టెలనూ ఒక్కొక్కటే విన్నారు. మధ్యాహ్నం దాటింది.

“ఇప్పుడు మిమ్మల్ని తీసెయ్యాలో, పెట్టుకోవాలో మీరే చెప్పండి,” అన్నారు.

“అది మీ ఇష్టం. గాంధారం మాత్రం ఇదే,” అన్నాను.

పెట్టుకున్నారు. కాకపోతే ఒక షరతు. ఇకమీదట నేను చేసిన ప్రతి పెట్టే శ్రుతిదీపం ముందు పచ్చగా వెలగాలట. కాబట్టి నువ్వు ప్రోగ్రాం తీసెయ్యడానికి వీల్లేదు. నీ పనిలో తప్పు లేదు, నేను నేర్పిన తప్పునే అది బుద్ధిగా అప్పజెప్పింది. పెట్టె వెనక్కి పంపుతున్నాను. గాంధారం మళ్లీ రికార్డు చేసుకుని ఆ మూడువందల పన్నెండు మందికీ పంపు. తప్పు ఒక రిపేరరుదని రాయి. నా చిరునామా మాత్రం రాయకు.

ఇట్లు,
గొప్ప పనివాడు

తా.క. పాత రీడును కాగితంలో చుట్టి పెట్టెలోనే ఉంచాను. మీ అమ్మగారు పాడి చూసి, బంగారంలాంటి పెట్టెను పాడుచేశారని అంటే వాదించకు. నీ రికార్డింగు అయిపోయాక నాకొక ముక్క రాయి. వచ్చి పాతదే బిగిస్తాను.