ముప్ఫై ఒక్క చుక్కలు

చుక్కమ్మకి, అక్క ఆశీస్సులు.

నీకు తొమ్మిదేళ్లప్పటి ఒక ఉదయం గురించి రాస్తున్నాను. నీకు గుర్తుండదు. గుర్తుండేంత విశేషం అందులో ఏమీ లేదు. తెల్లవారుజాము ప్రార్థన అయ్యాక నేను కిటికీ పక్క బల్ల తుడిచాను. అమ్మ నీళ్లు కాచింది. నాన్న కోటుకి ఒక కాజా తప్పించి గుండీలు పెట్టుకుని వచ్చారు. అమ్మ అన్నీ విప్పి మళ్లీ పెట్టింది. ఆ రోజుల్లో ఆయన కళ్లు అలా ఉండేవి. మీ అన్నయ్య ఒక కాలికి బూటు వేసుకుని, రెండోదాని కోసం ఇల్లంతా కుంటుతూ వెతికాడు. అది బల్ల కింద నీ ఒళ్లో ఉంది. దాన్ని పడవ చేసి ఆడుతున్నావు. ఎనిమిదింటికి నాన్నా, మీ అన్నయ్యా కంటి డాక్టరు దగ్గరికని బస్సెక్కారు. అమ్మ నిన్ను బడిలో దించి, అటునుంచి అటే జబ్బుపడిన పక్కింటావిడని చూడటానికి వెళ్లింది. ఇంట్లో నేను మిగిలాను. బల్ల మీద నాన్న రాతప్రతి, దాని పక్కన ఫొటోల అట్టపెట్టె.

మన పని నీకు నేను చెప్పక్కర్లేదు. అయినా వరసగా రాస్తేనే నాకు ధైర్యం వస్తుంది, కాబట్టి ఓపికపట్టు. నాన్న బడిలో అరబీ పంతులుగా చేరిన కొత్తలో, ఎండాకాలం సెలవులన్నీ, ఇప్పుడు నువ్వుంటున్న ఊరి గ్రంథాలయంలో కూర్చుని ఆ పాత వాదాల పుస్తకం మొత్తం చేత్తో ఎత్తి రాసుకున్నారు. ఇద్దరు పండితులు న్యాయాధిపతి ఎదుట వాదించుకోవడం, ఒకరు గెలవడం, ఒకరు ఓడడం, అలాంటివి నూట ఎనభై వాదాలు. ప్రతి ఖండిక చివర పాత లేఖకుల పద్ధతిలో ఒక చిన్న వృత్తం గీశారు. వృత్తం ఖాళీగా ఉంటే రాయడం మాత్రమే అయినట్టు. మూలాన్ని ఒకరు పైకి చదవాలి, రాతప్రతి పట్టుకుని ఇంకొకరు వినాలి, అక్షరం అక్షరం కుదిరితే విన్నవాళ్లు "దాటు" అనాలి. అప్పుడే ఆ వృత్తంలో చుక్క. పెద్ద పెద్ద పండితులు కూడా ఆయన చుక్క పెట్టిందాన్ని మళ్లీ చూడక్కర్లేదనేవారు. ఆయన ఒళ్లో కూర్చుని, ఒక్క చుక్క నన్ను పెట్టనీ అని నువ్వు రోజూ ఏడ్చేదానివి. ఆయన ఒక్కసారి కూడా కలం ఇవ్వలేదు. పేరు మాత్రం ఇచ్చారు.

ఆ ఉదయానికి వస్తాను. మూలం ఫొటోలు గ్రంథాలయం వాళ్లు ఆరు నెలలకి అరువిచ్చారు. గడువు ఆ రోజే. మధ్యాహ్నం టపాలో అవి తిరిగి వెళ్లిపోవాలి. ఆ గ్రంథాలయం ఉన్న ఊళ్లోనే నాకు అరబీ పరిశోధనకి సీటు వచ్చింది, సోమవారానికి చేరాలి. ఆ ఉత్తరం నా ప్రార్థన పుస్తకంలో ఉండేది. నాన్న ఒకటే మాట అన్నారు: ఇది సరిచూడటం పూర్తిచేసి వెళ్లు. ఇంకా ముప్ఫై ఒక్క వృత్తాలు ఖాళీగా ఉన్నాయి, తొమ్మిది కాగితాల్లో. అది నిండా ఒక రోజు పని. చదవడానికి నేనున్నాను, వినడానికి ఎవరూ లేరు.

కలం తీసి ముప్ఫై ఒక్క చుక్కలూ పెట్టేశాను. ఒక్క వాక్యం చదవలేదు. పావుగంట పట్టలేదు. పెట్టెకి దారం కట్టి టపాలో వేసి వచ్చాను. దారిలో కూనిరాగం తీసినట్టు కూడా జ్ఞాపకం.

మధ్యాహ్నం వాళ్లు తిరిగొచ్చారు. చూపు ఇంక రాదని డాక్టరు చెప్పాడట. మీ అన్నయ్య కుర్చీలో కూలబడి మొహం దాచుకున్నాడు. నాన్న కోటు విప్పకుండానే, ముప్ఫై ఒకటీ అయ్యాయా అని అడిగారు. అయ్యాయన్నాను. ఎవరు విన్నారన్నారు. అమ్మ అన్నాను. మంచిది అన్నారు.

సోమవారం నేను వెళ్లలేదు. నాన్న కోసం చదువు వదులుకున్నానని అందరూ మెచ్చుకున్నారు. ముప్ఫై ఏళ్లుగా మెచ్చుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు ఆ వాదాల మీద నువ్వు రాసిన పుస్తకం ముందుమాటలోనూ అదే రాశావు. చుక్కమ్మా, అది త్యాగం కాదు. అబద్ధంతో సంపాదించుకున్న ప్రయాణం నాకు తగదని నాకు నేనే వేసుకున్న శిక్ష. ఇక్కడ బడిపిల్లలకి అరబీ అక్షరాలు దిద్దించాను, నాన్నకి కళ్లయ్యాను. అందులో నాకు లోటేమీ లేదు. మెచ్చుకున్నప్పుడల్లా తలొంచుకున్నాను, దాన్నీ వినయమే అనుకున్నారు.

ఇంతకాలం లేనిది ఇప్పుడెందుకంటావు. నీ పుస్తకం ప్రూఫులు మంగళవారం అందాయి. నీ చేతి రాత చూసిన ఈ కళ్లతో నీ అచ్చు చూశాను. "ఓడినవాడి మౌనం" అధ్యాయం రెండుసార్లు చదివాను. మిగతా వాదాలన్నిట్లో ఓడినవాడు ఏదో ఒకటి అనే వెళ్తాడు. ఒకడు మాత్రం, నీకేమైనా చెప్పాలనుందా అని న్యాయాధిపతి అడిగినా నోరు విప్పకుండా లేచి వెళ్లిపోతాడు. ఆ మౌనం సభలో ఏ మాటకీ లేని బరువుతో ఎలా నిలిచిందో అరవై పేజీలు రాశావు. రెండోసారి నాన్నకి చదివి వినిపించాను. మధ్యలో ఆపి, "ఇది రాసింది మన చుక్కేనా?" అన్నారు. ఆయన మొహంలో అంత వెలుగు ఈమధ్య నేను చూడలేదు.

ఆ తర్వాత నీ ముందుమాటలో ఈ వాక్యం వచ్చింది: "మా నాన్నగారి ప్రతిలో చుక్క పడిన ప్రతి వృత్తం వెనకా రెండు గొంతులున్నాయి." అది మాత్రం ఆయనకి చదవలేదు. ఆ పేజీ తిప్పేశాను. మూలప్రతి మరమ్మతులో ఉందని మధ్య భాగానికి నువ్వు నాన్న ప్రతినే నమ్ముకున్నావు. ఆ మౌనం ఉన్న వాదం ఆ తొమ్మిది కాగితాల్లోదే. అక్కడ ఒక్క గొంతు కూడా లేదు.

పాఠం సరిగ్గానే ఉండొచ్చు. నాన్న చెయ్యి నికార్సైనది. కానీ ఎవరూ సరిచూడలేదు. అచ్చు ఆపు. ఇది నీకు రాయకుండా నిన్న ప్రార్థనకి కూర్చోలేకపోయాను.

నీ పేరు రోజూ దేవుడికి చెప్పుకునే,
పెద్దక్క

*

చుక్కమ్మా,

నీ జవాబు అందింది. నాలుగు పేజీలు తిడతావనుకున్నాను. నాలుగు వాక్యాలు రాశావు: "అచ్చు ఆపించాను. మరమ్మతు అయి మూలప్రతి బయటికొచ్చింది, కొత్త ఫొటోలు అన్నయ్య కంప్యూటరుకి పంపాను. నాన్నకి నువ్వే చెప్పు. కోపంగానే ఉంది, ఎవరి మీదో ఇంకా తేలలేదు." చివరి వాక్యం చదివి నవ్వుకున్నాను. పరిశోధకురాలివి కదా, ఆధారం దొరక్కుండా కోపం కూడా ఎవరికీ అంటగట్టవు.

నిన్న పొద్దున నాన్నకి చెప్పాను. ఆయన కిటికీ దగ్గర ఎండలో కూర్చుని ఉన్నారు. నిలబడే చెప్పాను, బడిలో తప్పు ఒప్పుకునే పిల్లలాగ. అంతా విన్నారు. చేతికర్ర పిడి మీద బొటనవేలు రాస్తూ ఉండిపోయారు.

"నాకు తెలుసు" అన్నారు.

ఎదురు కుర్చీ లాక్కున్నాను. కూర్చున్నాను.

తాము వెళ్లింది ఎనిమిదింటికి, వచ్చింది రెండింటికి, ఫొటోలు పన్నెండులోపే టపాకి వెళ్లాలి, ముప్ఫై ఒక్క ఖండికలు నాలుగు గంటల్లో ఎవరు చదవగలరన్నారు. పైగా అమ్మ ఆ పూటంతా పక్కింట్లోనే ఉందని ఆ సాయంత్రమే అమ్మ నోటే విన్నారట. మరి ఎందుకు అడగలేదన్నాను.

"అడిగితే ఆగిపోతావని. వెళ్లనీ, చుక్కలదేముంది, తర్వాత చూసుకుందాం అనుకున్నాను. సోమవారం పొద్దున నువ్వు బల్ల తుడుస్తున్న చప్పుడు విన్నాను. అప్పుడు అడిగితే, నా వల్లే ఆగానని నీ నోటితో వినాల్సొస్తుంది. భయపడ్డాను."

మళ్లీ ఆయనే అన్నారు: "నువ్వు ఒక్క పూట అబద్ధమాడావు. నేను దాన్ని ముప్ఫై ఏళ్లు కాపాడాను. దాని మీద చిన్నది ఇల్లు కడుతోందని తెలిసీ ఊరుకున్నాను. లెక్క చూస్తే నాదే పెద్దది."

ఆ మాట పూర్తిగా ఒప్పుకోలేదు నేను. కాదనీ అనలేదు. ఇద్దరం కాసేపు ఎండలో కూర్చున్నాం. అంత తేలికగా నేను కూర్చుని చాలా కాలమైంది.

ఇవాళ మీ అన్నయ్య కళ్లద్దాల దుకాణం మూసేసి, కంప్యూటరు చంకలో పెట్టుకుని వచ్చాడు. "ఈ ఇంట్లో కళ్లన్నీ పుస్తకాలకే పోయాయి, నా దుకాణం నిలబడిందంటే మీ చలవే" అన్నాడు. మీ వదిన అతన్ని కసురుకుని తెర నా వైపు తిప్పింది. ఏడింటికి మొదలుపెట్టాం. నేను మూలం చదివాను. మీ అన్నయ్య నాన్న ప్రతి మీద వేలు పెట్టి విన్నాడు. చిన్నప్పుడు నాన్న చేతి బెత్తానికి భయపడి నేర్చుకున్న అరబీ, తుప్పుపట్టినా విరగలేదు. నాన్న మా మధ్య కళ్లు మూసుకుని కూర్చున్నారు. చాలాచోట్ల నాకంటే ఒక మాట ముందే ఆయన పెదవులు కదిలాయి. ఆ తొమ్మిది కాగితాలు ఆయనకి ఇంకా నోటికొచ్చు.

ఇరవై ఆరు వృత్తాలు దాటాం. ఒక్క అక్షరం తేడా లేదు. ఒక్కొక్కటీ దాటుతుంటే నాన్న వెన్ను నిటారవుతూ వచ్చింది. ఆయన్ని చూసి నాకూ గర్వంగానే ఉంది. ఇరవై ఏడోది నీ మౌనం ఉన్న ఖండిక.

న్యాయాధిపతి అడిగాడు. నేను తర్వాతి వరస చదివాను. మీ అన్నయ్య వేలు ఆగింది.

"ఆగక్కా. నువ్వు చదివింది ఇక్కడ లేదు."

నాన్న ప్రతిలో ఇలా ఉంది: "అప్పుడు అతను లేచి వెళ్లిపోయాడు." మూలంలో ముందు ఇంకో వరస ఉంది: "అప్పుడు అతను తలెత్తి ఇలా అన్నాడు..." ఆ వరస అయ్యాకే "అప్పుడు అతను లేచి వెళ్లిపోయాడు." రెండు వరసలూ ఒకే మాటలతో మొదలయ్యాయి. రాసేటప్పుడు నాన్న కన్ను మొదటిదాని నుంచి రెండోదాని మీదికి దూకేసింది. అతను మాట్లాడాడు, చుక్కమ్మా. ఏమన్నాడో మాత్రం తెలియదు. "ఇలా అన్నాడు" తర్వాత వరస కుట్టులోకి వెళ్లిపోయింది. కొత్త బైండింగు బిగువుకి ఆ అంచు మడతలో పడింది, ఫొటోలో నలుపు తప్ప ఏమీ లేదు.

ఆ రెండు వరసలూ నాన్నకి మళ్లీ చదివి వినిపించాను. నాన్న అన్నారు: "అప్పటికి నా కళ్లు నిక్షేపంలా ఉండేవి. అయినా దాటేశాను. సరిచూడటం పెట్టింది ఇందుకే." తర్వాత నా వైపు తిరిగి, మిగతా నాలుగూ చదవమన్నారు. చదివాను. అవి నాలుగూ కుదిరాయి.

సాయంత్రం ప్రార్థన అయ్యాక అందరం కిటికీ పక్క బల్ల చుట్టూ కూర్చున్నాం. మన చుక్క ఆ గ్రంథాలయం ఉన్న ఊళ్లోనే ఉంది కదా, రేపు వెళ్లి మడత విప్పి చూస్తే అయిపోతుందన్నాడు మీ అన్నయ్య. నాన్న ఒప్పుకోలేదు.

"చిన్నదానికి ఆ వాక్యం మీద ఆశ ఉంది. ఆశ ఉన్నవాళ్లు చదవకూడదు, వినాలి."

అరవై పేజీలు పోతాయేమో నాన్నా అన్నాను. పోతే మళ్లీ రాస్తుంది, రాయగల పిల్ల అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు నువ్వు వినాల్సింది.

ఇంక మేము నిర్ణయించింది రాస్తాను. నేను పెట్టిన పాత చుక్కలు ఎవరూ గీకి తుడవకూడదు. ఇవాళ కుదిరిన ముప్ఫై వృత్తాల్లో, పాతదాని పక్కన రెండో చుక్క పెట్టాం. పుస్తకం చివర ఒక పేజీ వెయ్యాలి: ఈ తొమ్మిది కాగితాలకి మొదట పడ్డ చుక్కలు అబద్ధమనీ, ఎవరు పెట్టారో, ఎవరు తెలిసి ఊరుకున్నారో, మళ్లీ ఎవరు చదివారో, ఎవరు విన్నారో, ఏ రోజో. నాన్నది, నాది, మీ అన్నయ్యది, ముగ్గురి పేర్లూ ఉండాలి. ముందుమాటలో నన్ను పొగిడిన పేరా తీసెయ్. రెండు గొంతుల వాక్యం ఉంచు, ఇప్పుడది నిజం.

నాన్నకి అన్నం, మందులు, పేపరు చదవడం మీ వదిన చూసుకుంటానంది. "ఎన్నాళ్లైనా ఉండి రా వదినా, ఆయన కోటు గుండీలు నేను పెడతాను" అంది. మీ అన్నయ్య బస్సుకి సీటు చెప్పేశాడు. గురువారం మధ్యాహ్నానికి మీ ఊళ్లో దిగుతాను. శుక్రవారం పొద్దున ఆ గ్రంథాలయంలో నాకు ఒక కుర్చీ అడిగి ఉంచు. ముప్ఫై ఏళ్లు ఆలస్యంగా వస్తున్నానని వాళ్లకి చెప్పక్కర్లేదు. రాతప్రతి నేను తెస్తాను. నువ్వు దాన్ని పట్టుకుని నా ఎదురుగా కూర్చో. మడత నేను విప్పుతాను. అతను ఏమన్నాడో నేను పైకి చదువుతాను, నువ్వు విని, తప్పిపోయిన ఆ వరస ప్రతి అంచున రాస్తావు. "దాటు" అనాల్సింది నువ్వు.

మిగిలిన ఆ ఒక్క వృత్తంలో రెండో చుక్క కూడా నువ్వే పెట్టాలట. ఇది నాన్న మాట. కలం నాతో పంపుతున్నారు.

గురువారం వరకు నీ పెద్దక్క,
శుక్రవారం నీకు చదివే మనిషి