మెకానికల్ అని రాసింది కొట్టెయ్

ఇంజనుకి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగం చెప్పడంలో మీ తాతను మించినవాడు పుట్టలేదే అమ్మడూ. అందుకే నా మాట విను. అన్నం వేడి చేసుకో. కాలేజీ ఫారం ఐదింటిలోగా ఇచ్చిరా. అందులో మెకానికల్ అని రాసింది కొట్టేసి, నీకిష్టమైన బయోమెడికల్ రాయి. నా షెడ్డు ఏమైపోతుందోనని అలా రాశావు, నాకు తెలుసు. దాన్ని మూసేస్తున్నానే, ఇక ఓపిక లేదు. అసలు నేను విప్పి బిగించిన ప్రతి ఇంజనుకీ రెండు బోల్టులు మిగిలేవి, రోగం మాత్రం పోయేది కాదు.

నా గుండెలోని పేస్‌మేకర్ చూపించుకోడానికి ఆసుపత్రికి వెళ్తున్నాను. దాన్ని పరీక్షించే అమ్మాయి పోయినసారి, "మీ మనవరాల్ని మా పనిలోకి పంపండి తాతగారూ" అంది.

తాత

ఆ అమ్మాయి మాట నేను కల్పించిందే. "కాసేపు మాట్లాడకుండా పడుకోండి" అంది, అంతే. షెడ్డు మూసెయ్యడం మాత్రం నిజం.