ఆ ఒక్క ఫోన్‌కే నెట్ రాదు

ప్రియమైన చిన్నా,

ఫోన్ చేస్తే "డ్యూటీలో ఉన్నానక్కా" అంటావు. అందుకే ఉత్తరం. మధ్యలో అడ్డుపడి వాదించలేవు కదా, అదో సుఖం.

ఇక్కడ అంతా బాగానే ఉంది. మీ బావ పోయినప్పటినుంచి కిర్రుమంటున్న బీరువా తలుపు ఇన్నాళ్ళకి బాగుచేయించాను. ఒక్కటే చిక్కు. మీ కంపెనీ నెట్ నా ఫోన్‌కీ, టీవీకీ శుభ్రంగా వస్తోంది. ఇంటికొచ్చే ఒక మనిషి ఫోన్‌కి మాత్రం ఈమధ్య రావడం మానేసింది. అందరిళ్ళ రౌటర్లనీ కుర్చీలోంచి కదలకుండా సరిచేస్తానని గొప్పలు పోతావుగా, ఇదొకటి చూసిపెట్టు. వేళకి తిను.

ప్రేమతో,
అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ రౌటర్ చూశాను, దానికి ఏ జబ్బూ లేదు. ఆ ఫోనే పాతదై ఉంటుంది. ఇంతకీ ఎవరిది? ప్రతి ఆదివారం మధ్యాహ్నం వచ్చే చుట్టాలు మనకెవరున్నారు? ఒంటరిగా ఉండేదానివి, పాస్‌వర్డ్ అందరికీ ఇవ్వకు. ఇరుగుపొరుగు ఊరుకోరు. ఏం కావాలన్నా నేనున్నానుగా.

ఎప్పటికీ నీ మంచి కోరే,
తమ్ముడు

*

చిన్నా,

ఆదివారం అని నేను రాయలేదు.

అనుమానమొచ్చి మీ కంపెనీకి చెబితే టెక్నీషియన్ వచ్చాడు. ఆ ఫోన్ మనిషి కూడా ఇంట్లోనే ఉన్నాడు. "దీన్ని ఆఫీసునుంచే ఆపేశారండీ. ఇంటివాళ్ళు అడిగితేనే ఆపుతారు. మీరే అడిగారా?" అన్నాడు టెక్నీషియన్. "లేదు" అని చెబితే నీ ఉద్యోగం పోతుంది. అవునన్నాను.

ఆ మనిషి నా బీరువా బాగుచేసిన వడ్రంగి. పెళ్ళి చేసుకుందామనుకున్నాం. ముందు నీ ముఖం చూసి నిన్ను అడగాలని ఆయన పట్టు. నా ఫోన్ ఇస్తే, "దీంతో చేస్తే నువ్వే చేయించినట్టుంటుంది" అన్నాడు. ఈమధ్య వచ్చినప్పుడల్లా, వేరే నెట్ లేని తన ఫోన్ పట్టుకుని వీడియో కాల్‌కి ప్రయత్నించింది నీకేరా!

నేనే ఆపించాననుకుని తల దించుకుని వెళ్ళిపోయాడు. నిజం చెబితే ఆయన కళ్ళలో నీ పరువు పోతుంది. చెప్పకపోతే ఆయనే పోతాడు. ఏం చేయమంటావు?

అక్క

*

అక్కా,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రాలేదు.

నా స్క్రీన్ మీద ఎవరింట్లో ఏ ఫోన్ కలిసిందో కనిపిస్తుంది. రిపేర్ల కోసం నాకిచ్చిన వీలు అది. దాంతో నీ ఇంట్లోకి తొంగిచూశాను. ప్రతి ఆదివారం ఒక కొత్త ఫోన్ కనపడేసరికి ఒళ్ళు మండి ఆపేశాను. నీ పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను. నీ ఉత్తరం చదివి అడ్డు తీసేశాక కూడా, ఆ ఫోన్ మళ్ళీ వచ్చిందా అని ఇంకోసారి చూశానక్కా. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. లేచి వెళ్ళి పై అధికారికి అంతా చెప్పేశాను. ఆ పనినుంచి నన్ను తప్పించారు. ఉద్యోగం ఉంటుందో లేదో తర్వాత తేలుస్తారట.

అక్కణ్ణుంచి బస్సెక్కి, మీ ఊళ్ళో వాకబు చేసి నేరుగా ఆయన షాపుకి వచ్చాను. ఆపింది నేనేననీ, నువ్వు అబద్ధమాడింది నన్ను కాపాడడానికేననీ చెప్పాను. ఆయన చెక్కకి చిత్రిక పడుతూనే విన్నాడు. చివరికి పని ఆపి, "మిమ్మల్ని అడగాలనే ఇన్నాళ్ళు ఆగాను. ఇంక మిమ్మల్ని అడగాల్సిన పని లేదు" అన్నాడు.

చేతులు కడుక్కుంటున్నాడు, నీ దగ్గరికే బయల్దేరుతున్నాడు. ఆయన బల్ల మీదే ఇది రాసి ఆయన చేతికే ఇస్తున్నాను. మీ వీధి మలుపు దాకా వెంట వస్తాను. నీ గుమ్మం ఎక్కడానికి నాకు ముఖం చెల్లడం లేదు.

తమ్ముడు