పదకొండో పాటగాడు రాలేదు

చిల్లకూరు మండలం నుంచి

చిరంజీవి సుశీల్ కుమార్‌కి తాత దీవెనలు.

ఫోనులో నాకు మాట రాదు, అందుకే కార్డు. పోయిన క్రిస్మస్‌కి చర్చిలో నేను కొట్టిన డోలక్‌ను నువ్వు రికార్డు చేసుకుపోయినావు కదా. దాని మీద జమైకా వాళ్ళు పాడినారని పంపిన పెన్‌డ్రైవ్ విన్నా. పదిమందీ నా ఒక్క దరువు మీదే పాడినారు. ఆ దేశంలో డోలక్‌లకు అంత కరువా? అడిగుంటే వేరే దరువులు కూడా కొట్టిచ్చేవాణ్ణి.

ఉంటా,
హెబ్రోను తాత

తా.క. నాలుగో ఆయన ఊపిరి తీసుకోకుండా తిడతా ఉండాడు. నేను వేగం ఎక్కువ కొట్టినట్టుండాను. క్షమించమని చెప్పు.


చెన్నై, స్టూడియో నుంచి

తాతయ్యకు వందనాలు.

కరువు కాదు తాతా. అది డాన్స్‌హాల్ సంగీతం. దరువు ఒకటే, దాన్ని రిడిమ్ అంటారు. దాని మీద ఎవరి పాట వాళ్ళు పాడతారు. అన్నీ కలిపి ఒక ఆల్బం వేస్తారు. నాలుగో ఆయన తిట్టడం లేదు, తనను తాను పొగుడుకుంటున్నాడు.

నీ సుశీల్

తా.క. చివరిది, పదకొండోది విన్నావా? అందులో నీ డోలక్ ఒక్కటే.


సుశీల్‌కి,

అర్థమైంది. మన చర్చిలో క్రిస్మస్ మాదిరే. లేచినవాళ్ళంతా పాడేదాకా డోలక్ ఆపకూడదు. మీసం రాకముందు నుంచి నేను అట్లా కూర్చునే ఉండా. నాకూ ఒక పాట ఉంది. నేను లేస్తే డోలక్ కొట్టేవాళ్ళు లేరు. సిగ్గు కూడా.

అది వదిలెయ్. ఆ పదకొండో పాటగాడు రాలేదు. దరువు చివరిదాకా ఆయన కోసం చూసింది. మన ఊళ్ళో అయితే ఇంటికి మనిషిని పంపుతాం. జమైకా దూరం కాబట్టి ఆదివారం ప్రార్థన చేయించినాము. జ్వరమేమోనని మా అక్క ఆనందకుమారి ఉపవాసం మొదలుపెట్టింది.

తాత

తా.క. అక్క షుగరు మనిషి. ఆయన పేరు తొందరగా రాయి.


తాతయ్యా, వందనాలు.

ముందు ఆనందకుమారి అవ్వను అన్నం తినమను. ఎవరికీ జ్వరం లేదు. చివర్లో కావాలనే దరువును ఖాళీగా ఉంచుతారు. ఎవరికి పాడాలనిపిస్తే వాళ్ళు పాడుకోవచ్చు.

కంగారుతో,
సుశీల్

తా.క. అవ్వ తిన్నదా?


సుశీల్‌కి,

నీ ఉత్తరం పాస్టరుగారు చర్చిలో చదివినారు. అక్క ఒప్పుకోలేదు. మనిషి దొరికేదాకా ముద్ద ముట్టనంది. పాస్టరుగారు బతిమాలినారు. అక్క నా వైపు తిరిగి, "ఏరా హెబ్రోనూ, డోలక్ ఆ డబ్బాలో అదే మోగతా ఉండాది గదా. ఇంక నీకేం అడ్డంరా?" అనింది.

నేను లేచినా. పెన్‌డ్రైవ్‌లో చివరిది స్పీకరులో పెట్టినారు. గోడవైపు తిరిగి పాడినా. రొయ్యల గుంటల కాపలావాళ్ళు కూడా వచ్చి నిలబడినారు.

పదకొండో ఆయన దొరికినాడని జమైకాకి రాయి. అక్క అక్కడే రెండు దోసెలు తినింది. పాటను పాస్టరుగారి అమ్మాయి ఫ్లోరా ఫోనులో పంపుతుంది. ఆల్బం అట్ట మీద నా పేరు వేస్తే చిన్న అక్షరాలతో వేయమను.

ఇట్లు,
హెబ్రోను

తా.క. డోలక్ లేకుండా చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. జేబులో పెట్టుకుందామనుకున్నా. రెండు చేతులు, చొక్కాకి ఒకటే జేబు.