ఒకే గుమ్మంలో రెండు మొహాలు

చిరంజీవి చిన్నోడిని అమ్మ దీవించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. అందరం క్షేమమని రాయడానికి మాత్రం చెయ్యి రావటం లేదు, ఆ సంగతి కింద చెబుతాను. వేళకి తింటున్నావా? గొంతు నొప్పి తగ్గిందా? ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నానమ్మా" అంటావు, అందుకే కాగితం పట్టుకున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నీ ఉత్తరంలో మూడు అడిగావు. గ్యాసు సిలిండరు వచ్చింది. కట్టేశానో లేదోనని రోజూ నాలుగుసార్లు లేచి చూసుకుంటున్నాను. కళ్ళద్దాలు మార్పించుకోలేదు. మూడోది, కొత్త ప్రకటనకి నా ఫొటో ఇంకోటి కావాలన్నావు. "నీ మొహంలో దిగులు ఇంకెవరికీ రాదమ్మా, మా ఆఫీసులో అందరూ అదే మాట" అని రాశావు. మురిసిపోవాలో ఏడవాలో తెలియలేదురా.

పోయినసారి నువ్వు పొద్దుటి నుంచి ఏమీ తినలేదని నేను గుమ్మంలో నిలబడి బెంగపడుతుంటే ఒకటి తీశావు. కెమెరా దించకుండానే "అమ్మా, నా ఉద్యోగం పర్మినెంటయింది" అన్నావు. నవ్వాను. అదొకటి తీశావు. ఇంట్లో పెట్టుకోవటానికేమో అనుకున్నాను. తీరా చూస్తే మందుల షాపు తలుపు మీద, మీ కంపెనీ షుగరు పొడి ప్రకటనలో నేనే! దిగులు మొహం కింద "పొడి వాడక ముందు" అని, నవ్వు మొహం కింద "మూడు వారాల తర్వాత. ఇక షుగరు మాత్రలతో పని లేదు" అని. నాకు షుగరే లేదని నీకు తెలుసు కదరా.

ఇక క్షేమం సంగతి. మీ పిన్నికి కుడికాలు మోకాలి కింది నుంచి తీసేశారు. ఫోనులో నీకు "కాస్త నలతగా ఉంది" అని చెప్పింది ఇదే. కొత్త చెప్పు కరిచి పుండయింది. రెండు నెలలుగా షుగరు మాత్రలు మానేసి మీ పొడే తాగింది. పుండు మానలేదు.

నిన్నొక్కడినే అనటం లేదు. ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది ఒకటుంది. మీ పిన్ని ఆ పొడి బొమ్మ చూసి కొనలేదు. నన్నడిగి కొంది.

నా చెయ్యి పట్టుకుని ఆ షాపుకి లాక్కెళ్ళింది. ఐదారుగురు నిలబడి ఉన్నారు.

"అక్కా, నీకు షుగరుందని సొంత చెల్లెలికైనా చెప్పలేదేం? ఎంత గుంభనమే నీకు!"

"నీకెందుకు బెంగని..."

"సరేలే, బెంగకి పుట్టినదానివి నువ్వు. ఇంతకీ పని చేసిందా?"

షాపాయనతో సహా అందరూ నా వైపే చూస్తున్నారు. లేదంటే నీ ఉద్యోగానికి ఏం ముంచుకొస్తుందోనని భయపడ్డాను. "చేసింది" అన్నాను. అక్కడితో ఊరుకున్నానా! దానికి అనుమానం రాకూడదని రోజూ వాళ్ళింటికి వెళ్ళి, దాని ఎదురుగా కూర్చుని నేనూ ఒక గ్లాసు తాగాను. కాలు నల్లబడుతుంటే, "నీకు మూడు వారాలకే తగ్గింది, నాది మొండి ఒళ్ళు" అంటూ ఇంకో రెండు చెంచాలు ఎక్కువ కలుపుకుంది. నేను గ్లాసులు కడిగి బోర్లించాను.

ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే నన్నే ఓదార్చింది. "నీకు పడింది, నాకు పడలేదు. నువ్వేడవకు."

మొన్న సాయంత్రం పక్క మంచం ఆవిడ కూడా షుగరు మనిషేనని తెలిసి, మీ పిన్ని సంచిలో మిగిలిన డబ్బా తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "నా ఒంటి తత్వం వేరు లెండి. ఇదిగో, ఈ ఫొటోలో ఉన్నది మా అక్కే!"

ఆవిడ డబ్బా మీది మొహాన్నీ నా మొహాన్నీ మార్చి మార్చి చూసింది. "నిజంగా తగ్గిందా వదినా?"

మీ పిన్ని గర్వంగా నన్నే చూస్తోంది. కాలు పోయాక అది నవ్వటం అదే మొదలు.

తల ఊపాను, నాయనా.

ఈ ఉదయం నిజం చెప్పేద్దామని పరుగున వెళ్ళాను. ఆ మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. "ఆవిడని పొద్దున్నే ఇంటికి పంపేశాం" అంది నర్సు. మంచం కింద, కిటికీ గట్టు మీద వెతికాను. డబ్బా లేదు.

ఇట్లు,
నీ రెండు ఫొటోల్లోనూ ఉన్న
అమ్మ