కడగని బెల్టు

2009 జనవరి 17, శనివారం

మూతపడ్డ నంబర్ 6 బొగ్గుగని ముందు మంచులో ఇరవై మూడు గబ్బిలాలు. పట్టపగలు. జనవరిలో పురుగులెక్కడివి? అయినా ఆకలికి తాళలేక బయటికొచ్చాయి, కాసేపు ఎగిరాయి, పడిపోయాయి. ఒకటి నా గ్లవ్‌లోనే చచ్చిపోయింది. ముక్కు మీద తెల్లటి బూజు.

లోపల లెక్క నూట తొంభై. రెండేళ్ల క్రితం ఇదే గనిలో నాలుగు వేల నూట పన్నెండు.

చలికాలమంతా పడుకోవాల్సిన జీవిని ఆ బూజు మాటిమాటికీ లేపుతుంది. లేచిన ప్రతిసారీ ఒంట్లో దాచుకున్న కొవ్వు కొంత కరుగుతుంది. వసంతం రాకముందే అది కాస్తా అయిపోతుంది. అంతే.

తాత ముప్ఫై ఒక్క ఏళ్లు బొగ్గు తవ్విన గని అది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. అందుకని నాన్నకి వెక్కిరింత ఎక్కువ. ఏమే తెక్లా, మీ తాత అందులోంచి బొగ్గు తెచ్చాడు, నువ్వు చచ్చిన ఎలుకల్ని తెస్తున్నావా అన్నాడు. అంటూనే ఆలూ కూరి ఉడికించిన పియరోగీల ప్లేటు నా వైపు జరిపాడు. తాత తోలు బెల్టు నాకిచ్చిందీ ఆయనే. ల్యాంపు బ్యాటరీ దానికే తగిలించుకుంటాను.

జనవరి 20

మా ల్యాబ్‌లో నాతో పనిచేసే మెరెడిత్ తన గుహలో లెక్కపెట్టింది. ఆరు వేల మూడు వందలు. అన్నీ నిద్రలో ఉన్నాయి. ఒక్క ముక్కూ తెల్లబడలేదు.

జనవరి 26

మా ల్యాబ్ పెద్ద డాక్టర్ వీవర్ అందరి ముందూ చెప్పాడు. మనకి మిగిలిన ఆశ మెరెడిత్ గుహ ఒక్కటే, అక్టోబరులో గబ్బిలాల శాస్త్రవేత్తల సమావేశంలో ఆమే మాట్లాడుతుంది అని. తర్వాత నా వైపు తిరిగి, తెక్లా, నీ చచ్చిన గబ్బిలాల సంచులతో ఫ్రీజర్ నిండిపోయింది, కాస్త సర్దమ్మా అన్నాడు.

సర్దాను. రెండు వందల ఆరు సంచులు.

మెరెడిత్ వాళ్ల నాన్న ప్రొఫెసర్, తాత ప్రొఫెసర్. ఆమెకి ఎవరినీ ఏదీ అడగాల్సిన పని లేదు. పైగా మంచిది. అదే నాకు భరించడం కష్టం. ఇవాళ కూడా తన శాండ్‌విచ్‌లో సగం విరిచి ఇచ్చి, నీ గని గురించి విన్నాక నాకు ఏడుపు ఆగలేదు తెక్లా అంది. తిన్నాను. టర్కీ కోడి. రుచిగానే ఉంది.

ఫిబ్రవరి 9

మెరెడిత్ తన గుహలో తీసిన ఫొటోలు ల్యాబ్ గోడ నిండా అంటించారు. గుంపులు గుంపులుగా, ఒకదాని భుజంలో ఒకటి ముఖం దూర్చి పడుకున్నాయి. లోకంలో ఏమీ జరగనట్టు. ఆమె ముఖం లాగే.

నా గబ్బిలాలేం పాపం చేశాయి?

ఫిబ్రవరి 21

మెరెడిత్ లెక్క తప్పి ఉంటుంది. ఆరు వేలు ఉండవు.

ఫిబ్రవరి 22, ఆదివారం, సాయంత్రం 5

చలికాలానికి ఒక్కసారే లోపలికి వెళ్లాలి. రెండోసారి వెళ్లి వాటిని లేపకూడదు. ఆ నియమం కొత్తవాళ్లకి నేర్పేది నేనే. అయినా ల్యాబ్ కొక్కేనికి ఉన్న మెరెడిత్ గుహ గేటు తాళంచెవి తీసుకుని వెళ్లాను. మెరెడిత్ ఈ వారం అమ్మానాన్నల దగ్గరుంది.

ఆ బూజు మన బట్టలకీ సామానుకీ అంటుకుని ఇంకో గుహకి పాకుతుంది, అందుకని జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. కొత్త సూటు, కొత్త బూట్లు, కొత్త గ్లవ్స్. ల్యాంపుని మందునీళ్లలో కడిగాను. గంటన్నర లెక్కపెట్టాను. ఆరు వేల మూడు వందల నలభై. ఆమె లెక్క సరైనదే, ఆమె నలభై తక్కువ లెక్కపెట్టిందంతే. ఆ నలభైకి నా మనసు ఒక్క క్షణం సంతోషపడింది. రాయడానికే సిగ్గుగా ఉంది.

కారు దగ్గరికొచ్చి సూటు విప్పబోతూ నడుము మీద చెయ్యి వేశాను.

తాత బెల్టు.

కడిగితే తోలు పగులుతుందని దాన్ని ఎప్పుడూ కడగలేదు. కడగలేని వస్తువు ఏ గనిదో ఆ గనికే ఉండాలి. అది నంబర్ 6కి మాత్రమే. పొద్దున బ్యాటరీ తగిలిస్తూ, అలవాటులో, చూసుకోకుండా కట్టేసుకున్నాను. కుట్ల మధ్య నంబర్ 6 బూడిదరంగు మట్టి ఇంకా ఉంది. సన్న సందులో పక్కకి ఒరిగి దూరినప్పుడు నడుము గోడకి రాసుకుంది. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి.

ఫిబ్రవరి 23

తాళంచెవి కొక్కేనికి తగిలించాను. ఎవరికీ చెప్పలేదు.

అక్టోబరు 15

మెరెడిత్ బాగా మాట్లాడింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

2010 జనవరి 30, శనివారం

మెరెడిత్ గుహ గేటు ముందు మంచులో ఏడు.

మెరెడిత్, డాక్టర్ వీవర్, నేను కలిసి వెళ్లాం. లోపల నిద్రపోవాల్సినవి గుహ నోటి దగ్గరికి పాక్కుంటూ వచ్చేశాయి. ల్యాంపు వెలుగులో ముక్కులు తెల్లగా మెరిశాయి. నేను లెక్కపెట్టలేకపోయాను.

బయటికి రాగానే మెరెడిత్ మంచులో కూలబడి బూట్లు ఊడదీసింది. వాటి అడుగున ఉన్న గాట్లలో గోళ్లు పెట్టి గోకింది. తెక్లా, నువ్వు నాకంటే జాగ్రత్తగలదానివి, నువ్వే చెప్పు, నేను ఏది కడగలేదు అని అడిగింది. రెండుసార్లు అడిగింది. వేళ్ల నుంచి రక్తం వచ్చింది.

డాక్టర్ వీవర్ ఎవరి తప్పూ కాకపోవచ్చు అన్నాడు. మన గేట్లూ తాళాలూ గబ్బిలాలకేం తెలుసు, ఎక్కడో అంటించుకుని అవే తెచ్చి ఉంటాయి అన్నాడు. నాకు ఆ మాట పట్టుకుని వేలాడాలనిపించింది. కానీ తిరుగు దారిలో ఆయనే, కొన్నాళ్లు గుహలకి నువ్వొద్దు మెరెడిత్, ఇది ఎలా వచ్చిందో తేలేదాకా అన్నాడు. ఈ ఏటి సమావేశానికి తెక్లా వెళ్తుంది అన్నాడు.

ఆమె తలూపింది. తెక్లా బాగా చెబుతుంది సార్ అంది.

జనవరి 31, ఆదివారం

ఏడాదిగా కోరుకున్నది దొరికింది.

నాన్నని తాత గురించి అడిగాను, ఊరికే అడిగినట్టు. గనిలో తప్పు చేసినవాడు పైకొచ్చి నోరు మూసుకుంటే తర్వాతి షిఫ్టువాడు చస్తాడు అనేవాడే మీ తాత అని చెప్పాడు. నా ముఖంలోకి చూసి, ఏం చేశావే అన్నాడు. ఏం లేదన్నాను. అయితే తిను అన్నాడు. తినలేకపోయాను.

ఫిబ్రవరి 1, సోమవారం, ఉదయం 8

శాంపిల్: తోలు బెల్టు, ఎన్నడూ కడగనిది.
ఎక్కడిది: నంబర్ 6 గని.
గుహలోకి వెళ్లిన తేదీ: 2009 ఫిబ్రవరి 22.
తీసుకెళ్లినది: తెక్లా హ్రాబోవ్‌స్కీ.

సంచికి సీలు వేసి మెరెడిత్ బల్ల మీద పెట్టాను. మెట్ల మీద ఆమె బూట్ల చప్పుడు.